దారి చూడనిదే సైకిలు విప్పని మనిషి

మొన్న బుధవారం మధ్యాహ్నం, పోస్టాఫీసులో అన్నం క్యారేజీ మూత తీస్తుండగా ఫోను మోగింది. అరకులో టీ హోటలు నడిపే అక్క. క్రిస్మస్‌కి తప్ప ఆమె నాకు ఫోను చెయ్యదు.

"సెల్లీ, మన సైకిలు తాత పోయాడే. మూడ్రోజులు జొరం, అంతే. పెద్ద బాధేటీ పడ్నేదు," అని కాసేపు ఆగింది. "ఆకర్నాడు ఆస్పత్రిలో సెలైను సీసా ఏపే సూసి, సుక్క ఇంత నిమ్మళంగా పడేటట్టు దీన్నెవులు కట్టారమ్మా అని నర్సమ్మని అడిగాడంట."

నాకు నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక అన్నం సయించలేదు.

ఆయన వయసెంతో ఎవరికీ సరిగ్గా తెలీదు. అడిగితే, "రైలు లైను ఏసినప్పుడు మా అమ్మ కూలోళ్ళకి నీళ్ళు మోసింది, అప్పుడు నాను సంకలో ఉన్నాను," అనేవాడు. మీరే లెక్క కట్టుకోండి అన్నట్టు. అరకు సంతకు పోయే రోడ్డు పక్కన, రెండు సిల్వర్ ఓక్ చెట్లకు కట్టిన రేకు కింద ఆయన కొట్టు. ఎదురుగా అక్క హోటలు. ఎండాకాలంలో కూడా తలమీద ఉన్ని టోపీ, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, పక్కన రాగులతో కాచిన చోడంబలి పోసిన స్టీలు గిన్నె. మాట్లాడేది తెలుగే అయినా, పని అయిపోయినప్పుడు మాత్రం చేతులు తుడుచుకుంటూ "హెలా" అనేవాడు, ఒరియాలో. అంటే అయిందని. ఆ మాట వినబడేదాకా సైకిలు ముట్టుకుంటే ఒప్పుకునేవాడు కాదు.

ఊడదీసిన సామానును నల్ల పట్టా మీద వరసలో పేర్చేవాడు. మొదట విప్పిన నట్టు ఎడమ చివర, ఆఖర్న విప్పింది కుడి చివర. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వచ్చేవాడు. సంతరోజు జనం ఆ పట్టా అంచు తొక్కుకుంటూ పోతుంటే, "తొక్కండి, పర్వానేదు. కలిపెయ్యకండి," అనేవాడు.

ఆయన దగ్గర కొత్తవాళ్ళు తికమకపడేది ఒక్క విషయంలోనే. "తాతా, బ్రేకు పట్టట్లేదు" అని సైకిలు నిలబెడితే, ఆయన బ్రేకు వంక చూడడు. మన మొహంలోకి చూసి, "ఎక్కడికెల్తావు?" అంటాడు. చెప్పాలి. ఏ ఊరు, మధ్యలో వాగులాంటి గెడ్డ ఉందా, ఎక్కేటప్పుడు బరువుంటుందా దిగేటప్పుడా, వానాకాలం ఎక్కడ జారుతుంది, అన్నీ చెప్పాలి. తృప్తిగా చెప్పకపోతే సైకిలు అక్కడే ఉంచి, మనతో పాటు ఆ దారి చూడ్డానికి బయల్దేరేవాడు. విసుక్కుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. "కాలు సూడకుండా సెప్పులు కుడతారేటి?" అనేవాడు వాళ్ళ వెనక.

ఒకసారి విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డంతా తొక్కుకుంటూ ఒక కుర్రాడు వచ్చాడు. బిగుతు బట్టలు, కళ్ళద్దాలు, మోటారు సైకిలంత ఖరీదైన సైకిలు. గాలి కొట్టించుకోడానికి ఆగాడు. తాత గాలి కొట్టి, ఆ సైకిలు చుట్టూ మూడుసార్లు తిరిగి, చక్రానికున్న డిస్కు బ్రేకు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ముట్టుకోవచ్చా బాబూ?"

"ముట్టుకో."

"ఇంత కొండెక్కి ఎందుకొచ్చావు?"

"ఊరికే."

"ఊరికే అంటే? సుట్టాలున్నారా?"

"లేరు. ఊరికే తొక్కాలని."

తాత లేచి పంపు పక్కన పెట్టేశాడు. కుర్రాడు వెళ్ళాక అక్కతో అన్నాడట: "ఊరికే తొక్కీ వోడికి ఎలాంటి సైకిలు కట్టాలో నాకు తెల్దు. దారి సెప్పనేదు గదా."

నేను ఆయన కొట్టుకు మొదటిసారి వెళ్ళింది సైకిలు మోసుకుని. తోసుకుని కాదు, నిజంగా మోసుకునే.

మాది సాలూరు దగ్గర పల్లె. పదో తరగతి మార్కుల మీద వచ్చిన పోస్టు ఉద్యోగం, నన్ను తీసుకెళ్ళి అరకు కొండల్లో పడేసింది. ఆరు గూడేలకు ఉత్తరాలు పంచాలి. తమ్ముడు ఇంటర్‌లో నాన్నతో పోట్లాడి కొనిపించుకున్న గేర్ల సైకిలు ఇంట్లో మూల పడుంటే, "కొండల్లో గేర్లుండాలక్కా, తీసుకెళ్ళు," అని దులిపి ఇచ్చాడు. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఆరు. మొత్తం పద్దెనిమిది గేర్లు అని దాని ఒంటిమీద పెద్ద అక్షరాలతో స్టిక్కరు కూడా ఉండేది.

రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు ఎక్కుడులో ఒక ఎండు పుల్ల వెనక చక్రంలోకి దూరింది. చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదకు నెట్టే చిన్న ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది కదా, అది మెలితిరిగి స్పోకుల్లో ఇరుక్కుంది. చక్రం కదల్లేదు. భుజాన వేసుకుని నాలుగు మైళ్ళు దిగాను.

"తాతా, ఇది మార్చాలి. విశాఖ నుంచి తెప్పిస్తారా?" అన్నాను.

ఆయన ఆ మెలితిరిగిన చేతిని చూడలేదు. అప్పటికి నాకు ఆయన సంగతి తెలీదు.

"ఎక్కడికెల్తావు?"

ఆరు గూడేల పేర్లూ చెప్పాను. ఆయన కింద కూర్చుని, వెనక చక్రం దగ్గర మొహం పెట్టి, ఆరు పళ్ళచక్రాలనూ వేలితో ఒక్కొక్కటే తడిమాడు. ఐదింటికి తుప్పు, ఒకదానికి మెరుపు.

"పద్దెనిమిదిట్లో నువ్వు ఏసింది ఒక్కటే," అన్నాడు. ఆయన మొహంలో వెక్కిరింత లేదు, దొంగ దొరికినంత సంబరం ఉంది. "మరి మిగతావన్నీ ఎందుకు మోత్తన్నావు?"

నాకు రోషం వచ్చింది. గేర్లు మార్చడానికి భయమని, మార్చినప్పుడల్లా చైను కటకటమని పడిపోతుందని చెప్పలేదు. "ఆ మెరిసేదొక్కటీ ఉంచి మిగతావి తీసేయండి అయితే," అన్నాను.

"అలాగెలాగ? ఇది నువ్వేటి సేసావో సెప్తంది. దారేటి అడుగుతాదో సెప్పదు గదా. రేపు బేగి బయల్దేరు. నానూ వత్తాను."

మర్నాడు నిజంగానే వచ్చాడు. నేను అద్దె సైకిలు మీద, ఆయన కాలినడకన. నేను దిగి తోసుకునే ప్రతి చోటా ఒక రాయి ఏరి ఎడమ జేబులో వేసుకునేవాడు. తొక్కగలిగిన ఎక్కుడు వస్తే కుడి జేబులో. వలిసె పూలు పూసే రోజులు, రెండు పక్కలా పసుపు. ఆయన కళ్ళు మాత్రం రోడ్డు మీదే. ఆ రోజు సంచిలో ఉన్నవి నాలుగు ఉత్తరాలు, రెండు ఆధార్ కార్డులు. సాయంత్రం కొట్టు దగ్గర రెండు జేబులూ పట్టా మీద గుమ్మరించి రాళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు.

"పద్దెనిమిది గేర్లున్నా నువ్వు దిగి నడిసీ సోట నడుత్తావు. ఒక్కటున్నా నడుత్తావు. ఎనక ఇరవై పళ్ళది ఒకటి ఏత్తాను. ఇంక ఇరగడానికి ఏటీ ఉండదు."

అలా మొదలైంది. రెండు పూటల పని. గేర్లు మార్చే మీటలు, వాటి తీగలు, ముందున్న పెద్ద చక్రం, చిన్న చక్రం, వెనక ఆరు చక్రాల గుత్తి, అన్నీ ఊడి పట్టా మీద వరసకట్టాయి. వెనక ఒకే ఒక్క పళ్ళచక్రం బిగించాడు. ఆ తర్వాత అక్క హోటలుకెళ్ళి బట్టలు కుట్టే దారం అడిగి తెచ్చాడు. ముందున్న పళ్ళచక్రం నుంచి వెనకదానికి ఆ దారం బిగలాగి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. దారం ఇసుమంత పక్కకు వంగింది.

"సూడు. సైను వంకరగా ఎల్తే రోజూ కొంచెం కొంచెం ఏడుత్తాది," అన్నాడు. ఒక సన్నటి ఇనప చుట్టు తెచ్చి చక్రం లోపల పెట్టాడు. మళ్ళీ దారం. మళ్ళీ విప్పాడు. నాలుగోసారికి దారం తిన్నగా నిలిచింది. మిగిలిన చైను ముక్కలు తీసేసి బిగించి, సైకిలు తలకిందులుగా పెట్టి, పెడలు తిప్పి, చైను దగ్గర చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను కూడా చెవి పెట్టాను. ఏమీ వినబడలేదు.

"అదే," అన్నాడు సంతోషంగా. "హెలా."

ఎక్కి చూశాను. సంచి బరువు తగ్గినట్టే ఉంది, కాళ్ళకు ఏదో కొత్త బలం వచ్చినట్టే ఉంది. తాత మాత్రం రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నాడు. "మీరూ ఒక చుట్టు తొక్కండి తాతా," అన్నాను. ఆయన వినబడనట్టు పానాలు సర్దుకున్నాడు.

టీ తాగుతుంటే అక్క గొంతు తగ్గించి చెప్పింది. "ఆడు సైకిలు ఎక్కడే. పదకొండేళ్ళయింది ఎక్కి. ఆడి తమ్ముడికి సైకిలు బాగుసేసి ఇచ్చాడు, కొత్త బేకు రబ్బర్లు ఏసి. ఆ తమ్ముడు పసుపు బస్తాలు కట్టుకుని ఘాటీ దిగాడు. దిగుడు ఎంతుందో ఈడు సూల్లేదు. రబ్బర్లు కాలిపోయి..." అని గ్లాసు కడగడం మొదలుపెట్టింది. "అప్పుడు పట్టుకుంది ఈడికి ఈ దారి పిచ్చి. ఏ సైకిలన్నా తోసుకునే ఎల్తాడు, ఎక్కడు."

నేను ఆయన వంక చూశాను. పట్టా మీద మిగిలిపోయిన నా గేరు చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, దాని లోపలి స్ప్రింగును మేకుతో మెల్లగా కదుపుతూ, అది ఎటు వెనక్కి వస్తుందో చూస్తున్నాడు.

తర్వాతి వారం తుఫాను వాన రెండు రోజులు కురిసి వెలిసింది. ఆ రెండు రోజుల ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. సంచి పొట్ట పగిలేట్టుంది. పైగా రెండు పుస్తకాల పార్సిళ్ళు, క్యారియరు మీద కట్టుకున్నాను. అన్నింటికన్నా పైనున్న గూడేనికి పోయే ఎక్కుడులో, గెడ్డ దాటాక, నిలబడి బలంగా తొక్కాను. ఠక్కుమంది. కాళ్ళ కింద పెడలు ఖాళీగా తిరిగింది. హ్యాండిలు మీంచి ముందుకు పడ్డాను. కుడి మణికట్టు నేలకు ముందు తగిలింది.

లేచి కూర్చునేసరికి ఎదురుగా తాత. బాగుచేసిన సైకిలు మొదటి బరువు ఎలా మోస్తుందో చూద్దామని, నాకు చెప్పకుండా వెనకాలే వస్తున్నాడట. ఆయన మొహం బూడిద రంగులో ఉంది. నన్ను ముట్టుకోడానికి కూడా భయపడ్డాడు.

"దారి సూసాను గదా," అన్నాడు. నాతో కాదు. "మొత్తం సూసాను గదా."

"ఏం కాలేదు తాతా. చెయ్యి బెణికింది, అంతే."

ఆయన చాలాసేపటికి గానీ సైకిలు వైపు తిరగలేదు. తిరిగాక మాత్రం ఆయన కళ్ళలోకి మళ్ళీ ఆ పాత చూపు వచ్చింది. చైను ఊడి వేలాడుతోంది. వెనక చక్రం ఒక పక్కకు లాగేసి ఉంది. చక్రం ఇరుసు కూర్చునే గాడిలో వేలు పెట్టి తడిమాడు. తర్వాత పార్సిళ్ళను ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు.

"బరువు," అన్నాడు. "దారి సూసాను, నిన్ను సూసాను. బరువు సూల్లేదు. ఆ రోజు నీ సంచి కాళీ. ఇంత బరువుతో నిలబడి తొక్కితే, సైను ఇరుసునే ముందుకి లాగేసింది. నట్లు ఆపనేకపోయాయి."

సంచి తనే నెత్తిన పెట్టుకున్నాడు. నేను ఎడమ చేత్తో సైకిలు తోసుకుంటూ నడిచాను. పైగూడెంలో ఆ రోజు ఉన్న ఉత్తరాల్లో ఒకటి, ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్న ఒక పిల్లకు. ఆ పిల్ల వాకిట్లో చోళ్ళు ఆరబోస్తోంది. తడి చేతులు పరికిణీకి తుడుచుకుని కవరు చించింది. చదివింది. మళ్ళీ చదివింది.

"అక్కా, నర్సు ట్రైనింగుకి పిలిసారు," అంది. ఆ వెంటనే గొంతు మారిపోయింది. "రేపు పొద్దున్న పదింటికి రమ్మన్నారు. విశాఖపట్నం."

ఆ గూడేనికి సెల్లు సిగ్నలు లేదు. కింద రోడ్డు మీద అరకు పోయే ఆఖరి జీపు నాలుగింటికి. అరకులో ఆ పిల్ల మేనమామ ఉన్నాడు, అతన్ని తోడు తీసుకుని రాత్రి బస్సెక్కాలి. నా వాచీలో మూడుంపావు దాటింది. కిందికి ఏడు కిలోమీటర్లు, వాన కోసేసిన దారి. పరిగెత్తినా అందదు. తల్లి లోపలికి పోయి సర్టిఫికెట్ల సంచి తెచ్చింది గానీ, దాన్ని కూతురికి ఇవ్వకుండా గుండెలకు పట్టుకుని నిలబడింది.

"నానెల్తానక్కా, సైకిలిస్తావా? బళ్ళో ఇచ్చిన సైకిలు తొక్కీదాన్ని," అంది పిల్ల.

నేను తాత వంక చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"ఇది దిగదు," అన్నాడు.

"ఎందుకు దిగదు తాతా?"

"దిగదు. నాను ఇప్పుడే గదా సూసాను, ఇది ఊడిపోయింది."

"ఊడింది చైను. దిగేటప్పుడు చైనుతో పనేముంది, తాతా? బ్రేకులు పట్టాలి, చక్రం నిలబడాలి."

పిల్ల తాత ఎదురుగా వచ్చి నిలబడింది. "తాతా, నాకు దారి తెల్సు. ఏ మలుపుకాడ ఏ రాయుందో తెల్సు. నీకు సెప్తాను, అడుగు," అంది.

ఆ మాట ఆయన్ని ఎక్కడ తాకిందో తెలీదు. తలెత్తాడు. "మొదటి మలుపు?"

"ఎడమకి. పనస సెట్టుకాడ రాళ్ళు తేలిపోయున్నాయి. దిగి తోసుకుంటాను."

"తరవాత?"

"కాపీ తోటమ్మట తిన్నగా. బేకు పట్టుకునే ఎల్లాలి. గెడ్డకాడ దిగిపోవాల. ఆపైన మట్టి రోడ్డు, బయం నేదు."

ఆయన అప్పటికే సైకిలు తలకిందులు చేశాడు. జేబులోంచి పానా తీశాడు. చక్రాన్ని తిన్నగా కూర్చోబెట్టి, బట్టలారేసే తీగ ముక్క ఒకటి తెంపించి, ఇరుసును వెనక్కి బిగలాగి క్యారియరు ఊసకు కట్టాడు. ఊడిన చైను తీసి తన మెడలో వేసుకున్నాడు. బ్రేకు తీగలు రెండూ ఇంకా బిగించాడు. సైకిలు నిలబెట్టాడు. తల్లి సంచి ఇవ్వబోతే చెయ్యడ్డం పెట్టి, "ఆగు," అని, కాలు తిప్పి తనే ఎక్కాడు.

పెడలు మీద పెట్టిన ఆయన కాలు వణుకుతోంది. వాకిలి దాటి, దిగుడు మొదలైన చోట ఒక్క క్షణం ఆగి, వదిలేశాడు. మెడలో చైను ఊగుతూ, ఉన్ని టోపీ మొదటి మలుపులో మాయమైంది. బ్రేకుల కీచుమనే చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినబడలేదు. పిల్ల నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి తాత రొప్పుతూ, సైకిలు తోసుకుంటూ పైకి వచ్చాడు. చక్రం రేకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. బ్రేకు రబ్బర్లు వాసన చూశాడు.

"ఎల్లు," అన్నాడు. "మొదట ఎనక బేకు, తరవాత ముందుది. ముందుది ఒక్కటే పట్టావంటే పల్టీ కొడతావు. ఎల్లు గుంటా, బేగి ఎల్లు."

పిల్ల వెళ్ళింది. మేమిద్దరం వెనక నడిచాం. ఆయన నాకన్నా ముందు నడిచాడు, ప్రతి మలుపు దగ్గరా ఆగి లోయలోకి వంగి చూశాడు. పనస చెట్టు దగ్గర చక్రం గీత పక్కన పాదాల గుర్తులు కనబడ్డాయి. "దిగింది. సెప్పినట్టే దిగింది," అన్నాడు. గెడ్డ దగ్గర మళ్ళీ పాదాలు. ఆపైన గీత ఒక్కటే, తిన్నగా. ఆ గీతను చూసుకుంటూ నడిచాడు, కింద రోడ్డు దాకా.

రోడ్డు మీద జీపు లేదు, పిల్ల లేదు. బడ్డీ కొట్టు గోడకు సైకిలు ఆనించి ఉంది. "ఎక్కేసింది. పోతున్న జీపుకి అదాటున బ్రేకేయించి ఎక్కేసింది," అన్నాడు కొట్టువాడు. తాత సైకిలు పక్కనే నేలమీద కూలబడ్డాడు. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పక్కకు వెళ్ళి, మణికట్టుకు కట్టుకోడానికి కొట్టువాణ్ణి గుడ్డ అడిగాను. అది కావాల్సినంత నొప్పి లేదు. ఆయన్ని కాసేపు ఒంటరిగా వదలాలనిపించింది.

ఆ పిల్లకు సీటు వచ్చింది. సంగతి మూడో రోజున అక్క హోటల్లో తెలిసింది. అప్పటికి తాత పాత నల్ల సైకిళ్ళకుండే, ఇరుసును వెనక్కి పట్టి ఉంచే చిన్న ఇనప కొక్కేలు రెండు నా సైకిలుకు బిగించేశాడు. సంచిలో ఇటుకలు వేసి, నన్ను ఎక్కుడులో నిలబడి తొక్కమని, తను పక్కనే పరిగెత్తుతూ చక్రం వంకే చూశాడు. మూడేళ్ళు తొక్కాను. ఆ చైను మళ్ళీ ఊడలేదు.

తర్వాత నాకు కింద, ఎస్.కోట పక్క పల్లెకు బదిలీ వచ్చింది. చెప్పడానికి వెళితే, "అక్కడ దారెలాగుంటాది?" అన్నాడు.

"అంతా చదునే తాతా. ఎక్కుడు లేదు, దిగుడు లేదు."

ఆయన నమ్మలేదు. నెల తిరక్కుండా ఒక పొద్దున్న మా పోస్టాఫీసు ముందు బస్సు దిగాడు. చెమట కారిపోతున్నా తలమీద ఉన్ని టోపీ. చేతిసంచిలో పానాలు, చిన్న పళ్ళచక్రం ఒకటి. నా వెంట రోడ్డు మీద రెండు మైళ్ళు నడిచాడు. ఎటు చూసినా వరి మళ్ళు, తాటిచెట్లు, గీత గీసినట్టు తారు రోడ్డు. జేబుల్లోకి ఒక్క రాయి కూడా పోలేదు.

"ఇదేటి, దారి ఇలాగ పడుకునుంటాదా?" అన్నాడు.

ఒక బోదె గట్టు మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. ఇరవై పళ్ళది తీసి పదహారు పళ్ళది బిగించాడు. చైను కొంచెం తెంపాడు. చేతులు ఆగకుండానే, నన్ను చూడకుండానే అన్నాడు: "మా తమ్ముడు పోయాక, నాకు కల్లోకి ఎప్పుడూ ఒకటే దిగుడు వచ్చీది. ఆ పైగూడెం గుంట ఎల్లిన రోజు సూసాను గదా, గీత తిన్నగా రోడ్డెక్కిపోయింది. ఆ తరవాత రానేదు."

నట్టు ఆఖరిసారి బిగించాడు. పెడలు తిప్పి చెవి పెట్టి విన్నాడు. "హెలా," అన్నాడు. "నాను ఓసారి సూసొత్తానుండు."

ఎక్కాడు. ఈసారి కాలు వణకలేదు. మొదట మెల్లగా, తర్వాత వేగంగా వెళ్ళాడు. టోపీ చిన్నదై, చుక్కయి, తాటిచెట్ల అవతల కనబడకుండా పోయింది. పావుగంట చూశాను. అరగంట చూశాను. సంచి పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. పొలంలో పనిచేసేవాళ్ళు, "ఎవరికోసమమ్మా?" అని అడిగారు.

గంట దాటాక అటునుంచి చుక్క కనబడింది. దగ్గరికొచ్చి ఆగాడు. మొహమంతా చెమట, దుమ్ము, నవ్వు.

"ఎంత ఎల్లినా అవ్వదేటి? ఇది ఎందాకా ఎల్తాది?"

"విజయనగరం తాతా."

"ఆపైన?"

"ఆపైన... సముద్రం దాకా రోడ్డుంది."

ఆయన వెనక్కి తిరిగి ఆ రోడ్డు వంక చూశాడు. తర్వాత నా సంచి వంక చూశాడు. "ఈ ఉత్తరాలు బేగి పంచాలా?" అని అడిగాడు, చాలా మర్యాదగా.

"పర్లేదు, వెళ్ళిరండి," అన్నాను.

ఆ రోజు ఉత్తరాలు నేను నడిచే పంచాను.